అమెరికా సైనిక స్థావరాల్లో ఆర్మీ, నేవీ సిబ్బంది ఫ్లాగ్ ఫుట్‌బాల్ ఎందుకు ఆడతారు?

వెస్ట్ పాయింట్ సైనిక అకాడమీకి, అన్నాపొలిస్ నౌకాదళ అకాడమీకి మధ్య 1890లో మొదలైన అమెరికన్ ఫుట్‌బాల్ పోటీ సాధారణంగా డిసెంబరులో జరుగుతుంది. ఆ రోజుల్లోనే, విదేశాల్లోని స్థావరాలతో సహా పలుచోట్ల ఇరు దళాల సిబ్బంది స్నేహపూర్వకంగా ఫ్లాగ్ ఫుట్‌బాల్ ఆడుతుంటారు. స్నేహపూర్వకమన్నంత మాత్రాన పట్టుదల తక్కువేమీ కాదు. ఇది అమెరికన్ ఫుట్‌బాల్‌కే ఒక రూపం; కాకపోతే ఇందులో బంతి పట్టుకుని పరుగెత్తేవారిని కింద పడవేయరు. నడుము బెల్టుకు వేలాడే పట్టీని లాగేస్తే చాలు, ఆ దఫా ఆట అక్కడితో ముగుస్తుంది. మరునాడు విధులకు హాజరు కావలసినవారికి గాయాల బెడద తక్కువగా ఉండడమే ఈ ఆటను ఎంచుకోవడానికి అసలు కారణమని నా అభిప్రాయం. రెండో ప్రపంచ యుద్ధకాలంలో ఇది అమెరికా సైనిక స్థావరాల్లోనే వ్యాప్తిలోకి వచ్చిందన్నది కూడా గమనించదగినది. హెల్మెట్లు, భుజకవచాలు అక్కరలేదు కనుక ఖర్చూ స్వల్పమే.