అమ్మడూ, ఆ డిస్క్‌ని ముందు పక్కన పెట్టు

చిరంజీవి అమ్మడికి, మావయ్య ఆశీస్సులు.

బావగారి షష్టిపూర్తి ఫోటోలున్న హార్డ్ డిస్క్ సరిగ్గా తెరుచుకోవడం లేదని రాత్రి నువ్వు ఏడుపు గొంతుతో చెప్తుంటే సగమే అర్థమైంది. "పొద్దున్నుంచి పదిసార్లు తీసి పెట్టి చూశాం మావయ్యా" అన్న ముక్క మాత్రం గట్టిగా చెవిన పడింది. పదకొండోసారి వద్దు. ఈ ఉత్తరం మొత్తం చదివేదాకా దానికి కేబుల్ తగిలించకు.

ఫార్మాట్ చేయమంటారా అని విండోస్ అడిగితే వద్దని చెప్పు. డిస్క్‌లో తప్పులు సరిచేసే విండోస్ ప్రోగ్రాం చెక్‌డిస్క్ నడిపితే బాగవుతుందని అల్లుడు అన్నాడట కదా. డిస్క్ గట్టిగా ఉన్నప్పుడైతే సరే. అది చూసుకునేది ఫైల్ సిస్టమ్ (ఏ ఫైల్ డిస్క్‌లో ఎక్కడుందో రాసుకునే పట్టీ) లెక్క కుదిరిందా లేదా అని, నీ ఫోటోలు ఉన్నాయా పోయాయా అని కాదు. లెక్క కుదరని చోట ఎంట్రీలు మార్చేసి, ఆ మార్పుల్ని చావుబతుకుల్లో ఉన్న అదే డిస్క్ మీద రాస్తుంది.

నువ్వు చెప్పాల్సింది ఒకటుంది. అది ఎలాంటి శబ్దం చేస్తోంది? మామూలుగా తిరుగుతూ, ఫోల్డర్ తెరవడానికి నిమిషాలు పడుతోందంటే మన చేతిలో పనే. టక్ టక్ మని కొట్టుకుంటున్నా, గీరుతున్నట్టు వినిపిస్తున్నా, అసలు తిరగకపోయినా మాత్రం కరెంటు తీసేసి ఊరుకో. లోపల ప్లేటర్ (డేటా ఉండే తిరిగే పళ్లెం) మీద హెడ్ (దాన్ని చదివే సూది లాంటిది) కొన్ని నానోమీటర్ల ఎత్తులోనే తేలుతూ ఉంటుంది. అది దెబ్బతిని ప్లేటర్‌ని గీకుతుంటే ఏ సాఫ్ట్‌వేరూ ఏమీ చేయలేదు. దుమ్ము లేని గదిలో డిస్క్ విప్పి హెడ్లు మార్చే వాళ్ల దగ్గరికే తీసుకెళ్లాలి, ఖర్చు వేలల్లో అవుతుంది. ఫ్రీజర్‌లో పెట్టమని ఎవరైనా చెప్తే వినకు. బయటికి తీయగానే తేమ పట్టి ఉన్నదీ పోతుంది.

నువ్వు చెప్పినదాన్ని బట్టి మనది మొదటి రకమే అనుకుంటున్నాను. అలాంటి డిస్క్‌కి ఇంకెన్ని గంటల ఓపిక ఉందో చెప్పలేం. ఆ ఓపికని ఫోల్డర్లు తెరిచి చూడటానికీ, ఒక్కో ఫోటో లాగడానికీ ఖర్చు చేయకూడదు. ఉన్నది ఉన్నట్టు మొత్తం డిస్క్‌ని ఒక్క ఫైల్‌గా కాపీ తీసి, వెతుకులాటంతా ఆ కాపీలో చేసుకోవాలి. ఆ ఫైల్‌నే ఇమేజ్ అంటాం.

దీనికి జీఎన్‌యూ డీడీరెస్క్యూ అని ఒక ప్రోగ్రాం ఉంది. ఆంటోనియో డియాజ్ డియాజ్ అనే ఆయన రాసింది. ఇది ఫ్రీ అంటే నిజంగా ఫ్రీ. నెట్‌లో కనబడే చాలా "ఫ్రీ రికవరీ" ప్రోగ్రాంలు స్కాన్ చేసి ఫోటోలన్నీ చూపించి ఊరించి, సేవ్ నొక్కగానే డబ్బులడుగుతాయి. సిస్టమ్‌రెస్క్యూ అనే లినక్స్‌ని (విండోస్ బదులు కంప్యూటర్‌ని నడిపేది) పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి, కంప్యూటర్‌ని దాంతోనే ఆన్ చేయండి. డీడీరెస్క్యూతో పాటు, తర్వాత ఇమేజ్‌లోంచి ఫోటోలు తీయడానికి కావలసిన టెస్ట్‌డిస్క్, ఫోటోరెక్ అనే ప్రోగ్రాంలు కూడా అందులోనే ఉంటాయి. నీది 1 టీబీ కాబట్టి కొత్తది 2 టీబీ కొను. సగం ఇమేజ్‌కి, సగం బయటికి తీసిన ఫోటోలకి. దాన్ని ఎన్‌టీఎఫ్‌ఎస్ అనే ఫార్మాట్‌లోనే ఉంచు. ఫ్యాట్32 అనే పాత ఫార్మాట్‌లో 4 జీబీ దాటిన ఫైల్ పట్టదు.

ఇక్కడ నా సిగ్గుమాలిన కథ ఒకటి చెప్పాలి. షాపు పెట్టిన కొత్తల్లో ఒకాయన పాడైన డిస్క్ తెచ్చాడు. అప్పట్లో డిస్క్ కాపీ తీయడానికి నేను వాడేది డీడీ అనే పాత కమాండ్. నిద్రమత్తులో ఏది చదవాలో, ఏది రాయాలో తిప్పి కొట్టాను. ఖాళీ డిస్క్ వచ్చి ఆయన డిస్క్ మీద కూర్చుంది. డీడీ ఒక్క మాట అడగదు, చెప్పింది చేసేస్తుంది. ఆయన ముఖం ఇప్పటికీ గుర్తే. అందుకే నిన్ను డిస్క్ నుంచి డిస్క్‌కి కాకుండా ఇమేజ్ ఫైల్‌లోకి తీయమంటున్నాను. రాయాల్సిన చోట డిస్క్ పేరు కనబడితే డీడీరెస్క్యూ మొరాయిస్తుంది. హైఫన్ ఎఫ్ (-f) అనే ఆప్షన్ ఇస్తే తప్ప కదలదు. నువ్వు ఆ ఆప్షన్ ముట్టుకోకు. పొరపాటున వరస తిప్పినా ప్రమాదం తప్పుతుంది. ఏ డిస్క్ ఏదో పేరు చూసి కాదు, సైజు, మోడల్, సీరియల్ నంబర్ చూసి తేల్చుకో.

కమాండ్‌లో వరస ఇది: ముందు చదవాల్సిన డిస్క్, తర్వాత ఇమేజ్ ఫైల్, చివర మ్యాప్ ఫైల్. ఎక్కడిదాకా చదివింది, ఎక్కడ అడ్డం తగిలింది అన్నది మ్యాప్ ఫైల్‌లో ఉంటుంది. కరెంటు పోయినా మళ్లీ అదే కమాండ్ కొడితే ఆగినచోట నుంచి అందుకుంటుంది. దాన్ని కూడా కొత్త డిస్క్‌లోనే పెట్టు. పెన్‌డ్రైవ్ లినక్స్ డెస్క్‌టాప్ మీద పెడితే కంప్యూటర్ ఆపగానే మాయమవుతుంది.

మొదటిసారి హైఫన్ ఎన్ (-n) పెట్టి నడుపు. తేలిగ్గా వచ్చేదంతా ముందు లాగేసి, మొండి చోట్లని పెద్దగా గీకకుండా వదిలేస్తుంది. ఆరోగ్యమైన డిస్క్ సెకనుకి 100 ఎంబీ చదివితే 1 టీబీకి మూడు గంటల లోపే. జబ్బు డిస్క్‌కి ఒక పూట పట్టొచ్చు, మూడు రోజులూ పట్టొచ్చు. టెన్షన్ పడి మధ్యలో కదిలించకు. ఫ్యాన్ దాని వైపు తిప్పి, కంప్యూటర్ నిద్రలోకి జారకుండా చూసుకో. అది ముగిశాక హైఫన్ ఎన్ తీసేసి, హైఫన్ డి (-d, డిస్క్ నుంచి నేరుగా చదవమని), హైఫన్ ఆర్3 (-r3) పెట్టి అదే ఇమేజ్, అదే మ్యాప్‌తో మళ్లీ నడుపు. ఇప్పుడు మొండి చోట్లని మూడేసిసార్లు గట్టిగా అడుగుతుంది.

నూటికి 99.9 వచ్చిందని చూసి మురిసిపోకు. మిగిలిన 0.1 అంటే 1 జీబీ. ఒక ఫోటోలో చిన్న ముక్క పోయినా కింది సగం బూడిద రంగులో రావచ్చు.

ఇక పాత డిస్క్ కేబుల్ పీకి బీరువాలో పెట్టేయ్. ఇమేజ్‌ని ముందు టెస్ట్‌డిస్క్‌తో తెరువు. ఫోల్డర్లు పేర్లతో సహా కనబడితే అక్కడి నుంచే కాపీ చేసుకో. అందులో "రైట్" (Write, అంటే రాయి) అనే మాట ఎక్కడ కనబడినా నొక్కకు. ఫోల్డర్లు రాకపోతేనే ఫోటోరెక్. అది ఫైల్ సిస్టమ్‌ని పక్కన పెట్టి, ఫోటో ఎక్కడ మొదలవుతుందో గుర్తుల్ని బట్టి ఏరుకొస్తుంది. ఫైళ్ల పేర్లూ, ఫోల్డర్లూ మాత్రం పోతాయి. ముక్కలుముక్కలుగా రాసిన పెద్ద వీడియోలు సరిగ్గా రాకపోవచ్చు. వేల ఫోటోలు అంకెల పేర్లతో కుప్పగా పడతాయి. కెమెరా తీసిన తేదీ ఫోటో లోపలే ఉంటుంది, దాన్ని బట్టి సర్దుకుంటే బావగారి షష్టిపూర్తి రోజు ఫోటోలన్నీ ఒక్కచోటికి చేరతాయి.

ఎస్‌ఎస్‌డీ (తిరిగే ప్లేటర్ లేకుండా చిప్‌లతో నడిచే డిస్క్) సంగతి కూడా అడిగావు. అందులో చెరిపేసినవి, ఆ చోటుని ఖాళీ చేయించే ట్రిమ్ అనే ఏర్పాటు వల్ల చాలాసార్లు తిరిగి రావు. ఇప్పుడు దాని జోలి వద్దు.

శనివారం పొద్దున మొదలుపెట్టు. ఎంటర్ కొట్టేముందు తెరని ఫోటో తీసి వాట్సాప్‌లో పంపు, నేను చూసి సరే అన్నాకే కొట్టు. నేను అయిదింటికే లేస్తాను. అక్కయ్యకి ఇప్పుడే ఏమీ చెప్పకు, ఫోటోలు వచ్చాక నేనే చెప్తాను.

ఇట్లు,
మావయ్య