టవర్‌లో ఫ్లాటా, పాత గోదాములో లాఫ్టా?

ప్రశ్న: మేమిద్దరం ఉద్యోగులం, నలభైకి దగ్గర పడుతున్నాం. ఒకప్పుడు మిల్లులు, గోదాములు ఉన్న పేటలో ఆరేళ్లుగా అద్దెకు ఉంటున్నాం. అద్దె మా జీతాల్లో 18 శాతం. ఇప్పుడిక్కడ ఒకేసారి నాలుగు ఎత్తైన టవర్లు లేస్తున్నాయి. వాటిలో ఒకదాంట్లో ఇరవై రెండో అంతస్తు ఫ్లాటు చూశాం. చేతికి రావడానికి రెండున్నరేళ్లు పడుతుంది. దాని ధర అలాంటి ఇంటి ఏడాది అద్దెకు 31 రెట్లు. పక్క వీధిలో పాత నూలు గోదామును 28 ఇళ్లుగా మార్చారు. అందులో ఒక లాఫ్ట్ (ఎత్తైన కప్పుతో, లోపల గోడలు తక్కువగా ఉండే ఇల్లు) రీసేల్‌కు వచ్చింది. దాని ధర టవర్ ఫ్లాటు ధరలో ముప్పావు వంతు, ఏడాది అద్దెకు 24 రెట్లు. ఎనభై శాతం రుణం దొరుకుతుంది: వడ్డీ 8 శాతం, గడువు ఇరవై ఏళ్లు. టవర్ తీసుకుంటే డౌన్ పేమెంటుకు, రిజిస్ట్రేషన్‌కు మా పొదుపంతా ఊడ్చిపెట్టుకుపోతుంది, ఈఎంఐ జీతాల్లో 52 శాతం. లాఫ్ట్ అయితే పొదుపులో పావు వంతు, అంటే అయిదు నెలల జీతమంత, మిగులుతుంది. ఈఎంఐ 39 శాతం. ఇప్పుడు కొనకపోతే ఈ పేటలో ఇక ఎప్పటికీ కొనలేమేమోనని భయంగా ఉంది. నెలాఖరులోగా టవర్ బుకింగ్ సొమ్ము కట్టమంటున్నారు. ఏది కొనమంటారు?

జవాబు: టవర్ వద్దు. లాఫ్ట్ కొనవచ్చు, కానీ కింద చెప్పే కాగితాలు చూశాకే. అవి సరిగా లేకపోతే ఉన్న ఇంట్లోనే అద్దెకు కొనసాగండి. ఏడాది అద్దెకు 31 రెట్లు ధర పలికే పేటలో అద్దెకు ఉండటం చిన్నతనమేమీ కాదు.

ఎందుకో లెక్క చూడండి. టవర్ ఫ్లాటు ధర వంద అనుకుందాం. ఎనభై అప్పు చేస్తే మొదటి ఏడాది వడ్డీయే 6.4. మెయింటెనెన్స్, పన్ను కలిపి తక్కువలో తక్కువ ఒకటి. మీ జేబులోంచి పెట్టిన ఇరవై మరోచోట ఉంటే ఆరు శాతం చొప్పున తెచ్చే 1.2 కూడా పోయినట్టే. మొత్తం 8.6. అదే ఇంట్లో అద్దెకు ఉంటే అయ్యేది 3.2. అంటే ధర ఏటా అయిదున్నర శాతం దాకా పెరిగితే తప్ప మీరు అద్దెదారుతో సమానం కూడా కారు. లాఫ్ట్‌కూ ఇదే లెక్క వేశాను. పాత భవనం కాబట్టి నిర్వహణకు ఒకటిన్నర పెట్టినా తేడా 4.9కి దిగింది. ఏళ్లు గడిచేకొద్దీ అద్దె పెరిగి, వడ్డీ తగ్గి ఈ తేడా సన్నబడుతుంది, నిజమే. కానీ టవర్ విషయంలో మొదటి రెండున్నరేళ్లు ఆ ఇల్లు మీకు అద్దె మిగిల్చేది సున్నా. నిర్మాణం పూర్తయ్యే వేళకు రుణమంతా విడుదలై వడ్డీ ఒక్కటే మీ జీతాల్లో 41 శాతానికి చేరుతుంది. దానికి ఇప్పటి అద్దె కలిపితే దాదాపు 60 శాతం. అప్పటికి చేతిలో పొదుపు ఉండదు. బిల్డర్ ఆరు నెలలు ఆలస్యం చేస్తే, లేదా మీలో ఒకరి ఉద్యోగం ఆగితే ఏం చేస్తారు? ఈ ప్రశ్నకు మీ ఉత్తరంలో జవాబు లేదు. నేను టవర్ వద్దన్నది ప్రధానంగా దీనికే.

ఇక మీ భయం. నాలుగు టవర్లు ఇంచుమించు ఒకే ఏడాది పూర్తవుతాయి. పెట్టుబడి కోసం బుక్ చేసుకున్నవాళ్లంతా అదే సమయంలో తాళాలు అందుకుని, అవే ఇళ్లను అద్దెకో అమ్మకానికో పెడతారు. ఒకే రకం ఫ్లాట్లు వందల్లో ఒకేసారి బయటికి వస్తే బేరమాడే వీలు కొనేవాళ్లకే ఎక్కువ. రెండున్నరేళ్ల తర్వాత అదే టవర్‌లో, నీళ్లు సరిగా వస్తున్నాయో లేదో, లిఫ్టులు తిరుగుతున్నాయో లేదో కళ్లారా చూసి కొనుక్కునే అవకాశం మీకు ఉంటుంది. ధర అప్పటికి పెరగదని హామీ ఇవ్వలేను. అయితే పేట మారుతోందన్న సంగతి మీకు తెలిసినట్టే అమ్మేవాళ్లకూ తెలుసు. రేపటి పెరుగుదలలో కొంత ఇవాళ్టి ధరలోనే కలిపి అమ్ముతున్నారు. ఇరవై రెండో అంతస్తు నుంచి కనిపించే దృశ్యానికీ విడిగా వసూలు చేస్తున్నారు కదా, ఎదుటి ఖాళీ స్థలంలో ఎన్ని అంతస్తులకు అనుమతి ఉందో అడిగారా?

మీరిద్దరూ పేట గురించి, ధర గురించి వివరంగా రాశారు. భవనం గురించి దాదాపు ఏమీ రాయలేదు. అపార్ట్‌మెంటు కొంటే గోడల లోపలి జాగాతో పాటు, ఆ భవనానికి రాబోయే మరమ్మతుల్లో వాటా కూడా మీ పేరు మీదికి వస్తుంది. పైకప్పు, లిఫ్టులు, పంపులు, వైరింగు, బయటి గోడలు, పునాది అన్నిటికీ ఖర్చు అందరిదీ. ఆ సొమ్ము యజమానుల సంఘం నిధిలో ముందే ఉందా, లేక అవసరం వచ్చినప్పుడు వాటా కట్టమని ఇంటింటికీ చీటీ వస్తుందా అన్నది ధర కన్నా ముఖ్యమని నా అభిప్రాయం.

అమెరికాలో ఫ్లోరిడా రాష్ట్రం సర్ఫ్‌సైడ్‌లో జరిగింది దీనికి అతి దారుణమైన ఉదాహరణ. చాంప్లెయిన్ టవర్స్ సౌత్ అనే 12 అంతస్తుల భవనాన్ని 1981లో కట్టారు. కాంక్రీటు తీవ్రంగా దెబ్బతిందని 2018లోనే ఇంజినీరు నివేదిక ఇచ్చాడు. మరమ్మతులకు కోటిన్నర డాలర్లు కావాలి, సంఘం నిధిలో అందులో చిన్న భాగమే ఉంది. యజమానులు ఏళ్ల తరబడి వాదించుకున్నారు. చివరికి 2021లో ఒక్కో ఇంటికీ పరిమాణాన్ని బట్టి 80 వేల డాలర్ల నుంచి 3 లక్షల 36 వేల దాకా వాటా వేశారు. చెల్లింపులు మొదలుకావడానికి వారం ముందు, జూన్ 24న, భవనంలో పెద్ద భాగం కూలి 98 మంది చనిపోయారు. మూడు, అంతకు మించిన అంతస్తులున్న ఇలాంటి భవనాలు నిర్మాణ భద్రత కోసం నిధి లెక్కలు వేసి చూపాలని ఆ రాష్ట్రం మరుసటి ఏడాది చట్టం చేసింది. మీ భవనం కూలుతుందని కాదు నా మాట. కూలకపోయినా ఆ వాటా చీటీ వచ్చి ఉండేది, ఆ నెలలో ఇల్లు అమ్ముకోవాలనుకున్నవాళ్లకు కొనేవాళ్లు దొరకడం కష్టమయ్యేది.

కొత్త భవనానికి ఈ బాధ ఉండదనుకోకండి. శాన్‌ఫ్రాన్సిస్కోలో 2009లో పూర్తయిన 58 అంతస్తుల మిలీనియం టవర్ భూమిలోకి కుంగుతూ ఒక పక్కకు ఒరుగుతోందని 2016లో బయటపడింది. లండన్‌లో 2017 జూన్ 14న గ్రెన్‌ఫెల్ టవర్ మంటల్లో 72 మంది చనిపోయాక, బయటి గోడలకు మండే తొడుగు ఉన్న వేరే టవర్ల మీదా రుణదాతలకు అనుమానం పుట్టింది. బయటి గోడల అగ్ని భద్రతకు ధ్రువపత్రం లేదన్న కారణంతో చాలా ఫ్లాట్లకు విలువ సున్నా అని రాశారు. అందులో ఉన్నవాళ్లు అమ్మనూ లేకపోయారు, రుణం మార్చుకోనూ లేకపోయారు. బయటి తొడుగు ఏ పదార్థమో బిల్డర్‌ను అడగడం మన దగ్గర ఎవరికీ అలవాటు లేదు. అడగాలి.

లాఫ్ట్‌కు వేరే చిక్కులున్నాయి. మొదటిది, ఆ గోదామును నివాసంగా మార్చడానికి చట్టబద్ధమైన అనుమతి ఉందా? న్యూయార్క్‌లోని సోహోలో 1960లలో కళాకారులు ఖాళీ ఫ్యాక్టరీ అంతస్తుల్లో అనుమతి లేకుండానే కాపురం పెట్టారు. 1971లో నగరం నిబంధన మార్చి, ధ్రువీకరణ పొందిన కళాకారులకు మాత్రమే వీలు కల్పించింది. ఇలాంటి ఇళ్లను నివాస భద్రతా నియమాల కిందికి తేవడానికి 1982లో ప్రత్యేక చట్టం చేయాల్సి వచ్చింది. ఆ కళాకారుల షరతు మాత్రం దశాబ్దాల పాటు అమ్మకాల్లో తలనొప్పిగా మిగిలింది. ఇటుక గోడ, ఎత్తైన కిటికీ చూసి మురిసిపోయే ముందు వినియోగ మార్పు ఉత్తర్వు, నివాసయోగ్యతా పత్రం చేతిలోకి తీసుకుని చదవండి. దానిలో ఉన్న ఇళ్ల సంఖ్య 28 అవునో కాదో కూడా చూడండి.

రెండోది ఆ 28 అన్న సంఖ్యే. వందల ఇళ్లున్న టవర్‌లో లిఫ్టు మార్పిడి ఖర్చు పలుచగా పంచబడుతుంది. ఇక్కడ ప్రతి బిల్లులోనూ మీది పెద్ద వాటా. నలుగురు మెయింటెనెన్స్ ఎగ్గొడితే నిధి ఏడో వంతు ఆగిపోతుంది. కాబట్టి మూడేళ్ల జమాఖర్చులు, సమావేశాల మినిట్సు తీసుకోండి. మినిట్సులో ‘పైకప్పు కారుతోంది’ అన్న మాట ప్రతి ఏటా కనిపిస్తూ, చేసిన పని ఏదీ కనిపించకపోతే ఆ పని మీ డబ్బుతో జరగబోతోందని అర్థం.

మిగిలినవి చిన్నవిగా కనిపించినా రీసేల్‌లో పెద్దవవుతాయి. గోదాములు లోతుగా ఉంటాయి, వెలుతురు ముందూ వెనకా మాత్రమే. మధ్యలో గోడ కట్టి చేసిన కిటికీ లేని గదిని చాలాచోట్ల రుణదాత తరఫున ఇంటి విలువ కట్టే వాల్యుయర్ పడకగదిగా లెక్కించడు. మధ్యలో వేసిన అటక లాంటి అంతస్తు విస్తీర్ణంలో కలిపారేమో కొలిపించండి. కప్పు ఎత్తు కాబట్టి గది చల్లబరచడానికీ వెచ్చబరచడానికీ ఖర్చెక్కువ. అమ్మేవారి గత ఏడాది కరెంటు బిల్లులు అడిగితే దాచాల్సిన అవసరం ఎవరికీ ఉండదు. చివరగా, అక్కడ రంగులద్దే పని లాంటిదేదైనా జరిగిందా? ఫ్యాక్టరీ నేలలో రసాయనాలు, పాత పైపుల చుట్టూ ఊపిరితిత్తులకు హాని చేసే ఆస్బెస్టాస్ మిగిలి ఉండవచ్చు. పరీక్ష నివేదిక లేకపోతే స్వతంత్ర ఇంజినీరుతో చేయించండి. ఆ ఫీజు చూసి వెనకాడకండి, ఇంటి ధర ముందు అది చిన్నదే.

ఇవన్నీ సరిపోతే లాఫ్ట్ తీసుకోండి, కనీసం ఏడెనిమిదేళ్లు ఉండేటట్టయితేనే. కొనడానికీ అమ్మడానికీ అయ్యే ఖర్చులే చిన్న లాభాన్ని మింగేస్తాయి. మిగిలే అయిదు నెలల జీతాన్ని ఇంటి అలంకరణకు వాడొద్దు. 39 శాతం ఈఎంఐ కూడా నాకు కాస్త ఎక్కువే అనిపిస్తోంది, మూడో వంతుకు దిగితే బాగుండేది. సంఘం నిధి పలుచగా ఉంటే ఆ లోటులో మీ వాటా ఎంతో లెక్కగట్టి ధరలో తగ్గించమని అడగండి. ఒప్పుకుంటే మీ రుణం కూడా అంత తగ్గుతుంది.

టవర్ వాళ్లకు ఇప్పటికే ఏమైనా అడ్వాన్సు ఇచ్చి ఉంటే, అది తిరిగి ఇచ్చే షరతులు నెలాఖరుకు ముందే రాతపూర్వకంగా అడగండి. ఫోనులో చెప్పిన మాటను లెక్కలోకి తీసుకోవద్దు.