ఫ్లీస్ పరిచాక ముందు నీ చెయ్యి పెట్టి చూడు

కావలి

చిన్నారీ,

రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. ఒంగోలు ఇంట్లో నువ్వు ఆ తోకలేని బొద్దు ఎలకల్లాంటి గినీ పిగ్స్‌ని రెండింటిని పెంచబోతున్నావట, వాటి కింద ఫ్లీస్ అనే మెత్తటి నూగు బట్ట పరుస్తావట. బల్లిని చూస్తే మంచమెక్కే పిల్ల రెండు ప్రాణాల్ని సాకుతానంటే ఎంత సంతోషమేసిందో! కానీ ఫోన్ పెట్టేశాక నాకు నిద్ర పట్టలేదు. ఫ్లీస్ అన్న మాట వింటే నాకు మా ఇంట్లోని గినీ పిగ్ బెల్లం గుర్తొస్తుంది. అందుకే తెల్లవారగానే రాస్తున్నాను.

నీకు తెలిసినవే అయినా ఒక్కసారి చెప్పేస్తాను. ఒక్కదాన్ని తెస్తే దిగులు పెట్టుకుంటుంది, రెండు ఆడవాటిని తెచ్చుకో. అవి ఉండే పంజరం, అదే కేజీ, పది చదరపు అడుగులకు తగ్గకూడదు. ఎండుగడ్డి రాత్రీ పగలూ ఉండాలి. మనకులాగే వాటి ఒంట్లోనూ విటమిన్ సి తయారవదు, కాబట్టి రోజూ ఓ క్యాప్సికం ముక్క పెట్టు.

ఇక బట్ట సంగతి. పూర్తి పాలిస్టర్‌ది, పొట్టి నూగుది కొను. 'యాంటీ పిల్', అంటే ఉండలు కట్టనిది, అని రాసి ఉంటే మంచిది. చలికాలంలో రోడ్డు పక్కన అమ్మే బొచ్చు దుప్పట్లు వద్దు. అంచుల్లో దారాలు వేలాడితే కత్తిరించెయ్, అవి కాలివేళ్లకు చుట్టుకుంటాయి. ఫ్లీస్ తడిని తనలో ఉంచుకోదు, కిందికి దించేస్తుంది. ఆ తడిని పీల్చుకోవాల్సింది కింద పరిచే పాత నూలు తువ్వాళ్లు. రెండు మూడు మడతలు వెయ్యి.

ఇదేమీ కొత్త విద్య కాదమ్మా. నువ్వు పుట్టింది కార్తీకమాసం ముసురులో. మీ అమ్మమ్మ నీకు రబ్బరు షీటు, దాని మీద నాలుగు మడతల బొంత, దాని మీద మెత్తటి పాత చీర ముక్క పరిచేది. గుడ్డలు ఆరక, కుంపటి మీద బుట్ట బోర్లించి దాని మీద ఆరేసేవాళ్లం. ఆవిడ మాటిమాటికీ చేతి వెనక వైపు నీ కింద పెట్టి చూసేది. కన్ను మోసం చేస్తుంది, చెయ్యి చెయ్యదు అనేది. నేనది విని కూడా మర్చిపోయాను.

కొత్త ఫ్లీస్ నీళ్లను కిందికి పోనివ్వదు. మామూలు సబ్బుపొడితో వేడినీళ్లలో మూడు నాలుగుసార్లు ఉతికి, ఆరాక చెంచాడు నీళ్లు పోసి చూడు. నీళ్లు పైనే పూసల్లా నిలబడితే ఇంకా ఉతకాలి.

2021 నవంబరులో నేనేం చేశానో మీ ఇంట్లో ఎవరికీ పూర్తిగా తెలీదు. అప్పటికి బెల్లం, జీడి మా ఇంటికొచ్చి రెండేళ్లు. మీ అన్నయ్య ఉద్యోగానికి వెళ్తూ నాకు వదిలిపోయాడు. ఆ నెల వాన వదల్లేదు. ఫ్లీస్ ముక్కలు ఆరక ముక్కిపోయిన వాసన వస్తుంటే, బట్టలు మెత్తగా, సువాసనగా ఉండటానికి పోసే లిక్విడ్ తెచ్చి ప్రతి ఉతుకులోనూ పోశాను. గదంతా పూల వాసన. ఎంత శుభ్రంగా ఉంచుతున్నానో అని తృప్తిపడ్డాను. ఆ లిక్విడ్ పోగుల మీద జిడ్డులా పట్టేస్తుంది. ఇక తడి కిందికి దిగదు. పైగా కింద వేసిన తువ్వాళ్లు సగం ఆరినవే. చూడటానికి బట్ట పొడిగానే కనిపించింది. ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి చెయ్యి పెట్టి నొక్కి చూసి ఉంటే తెలిసేది.

ఫ్రిజ్ తలుపు చప్పుడైతే చాలు, కీచుకీచుమని అరుస్తూ పరిగెత్తే బెల్లం కూర్చున్న చోటే ఉండిపోయింది. చలేమో అనుకుని నాలుగు రోజులు ఊరుకున్నాను. వేరే జంతువులకు ఆహారమయ్యే జీవి కదా, నొప్పిని దాచుకుంటుంది. అయిదో రోజు ఒళ్లోకి తీసుకుని చూస్తే వెనక పాదం అడుగున ఎర్రగా వాచి, మధ్యలో నల్లటి పక్కు కట్టి ఉంది. నెల్లూరు తీసుకెళ్దామంటే పెన్న పొంగి కోవూరు దగ్గర హైవే తెగింది, పడుగుపాడు దగ్గర పట్టాల మీదికి నీళ్లొచ్చి రైళ్లు ఆగిపోయాయి. మందుల షాపులో అడిగితే అమాక్సిసిలిన్ సిరప్ ఇచ్చారు. చేతిలో పట్టుకుని చాలాసేపు నిలబడ్డాను. ఎందుకో వెయ్యబుద్ధి కాలేదు. దారి తెరుచుకున్నాక డాక్టరు చెప్పారు, అది పెన్సిలిన్ జాతి మందట, అలాంటిది నోట్లో పోస్తే గినీ పిగ్స్ పేగుల్లోని మంచి బాక్టీరియా నశించి ప్రాణమే పోవచ్చట. డాక్టరును అడక్కుండా ఏ మందూ వెయ్యకు తల్లీ, ఎవరిచ్చినా సరే.

ఆ పుండును బంబుల్‌ఫుట్ అంటారు. రెండు నెలలు రోజూ కడిగి కట్టు మార్చాను. మానింది కానీ, ఆ కాలు పూర్తిగా ఆనించి నడవటం బెల్లం మళ్లీ మొదలుపెట్టలేదు. కట్టు కడుతుంటే నా చెయ్యి నాకేది. నాకు ఏడుపు ఆగేది కాదు.

కాబట్టి ఆ లిక్విడ్ ఇంట్లోకే తేవద్దు. వాసనుంటే చివరి జాడింపులో అర కప్పు తెల్ల వెనిగర్ వెయ్యి. పెంటికలూ గడ్డీ పొద్దున ఒకసారి, రాత్రి ఒకసారి చిన్న బ్రష్‌తో ఊడ్చు. బొచ్చు దులిపి, జాలీ సంచిలో పెట్టి మెషిన్‌లో వెయ్యి, లేకపోతే పైపులో అడ్డం పడుతుంది. మూడు నాలుగు రోజులకోసారి బట్ట మార్చాలి. ముసురు పట్టిందా, రెండు రోజులకే మార్చు. నాలుగు జతలైనా ఉండాలి. ఆరనిది పరవకు, అవసరమైతే ఆ పూటకు పాత పొడి దుప్పటి వెయ్యి. వారానికోసారి వాటిని ఒళ్లో పెట్టుకుని పాదాల అడుగు చూడు. ఆఫీసు, టెన్షన్, టైం లేదు అని నాకు చెప్పొద్దు. నీకు జ్వరమొచ్చినా రెండు రోజుల తర్వాత చెప్పే రకం నువ్వు. అవి అసలే చెప్పలేవు.

రోహిణి కార్తె వచ్చేసరికి కేజీని పడమటి గోడ నుంచి జరుపు. ముప్పై డిగ్రీలు దాటితే వాటికి ప్రమాదం. ఒక మూల ఫ్లీస్ తీసి మార్కాపురం పలకరాయి ముక్క పెడితే దాని మీద చల్లగా పడుకుంటాయి.

నీ చిన్నప్పటి బొంత ఇంకా నా పెట్టెలో ఉంది. అమ్మమ్మ చీరలతో కుట్టింది, ఎంత తడినైనా పీల్చుకుంటుంది. కేజీ లోపలి పొడవు, వెడల్పు అంగుళాల్లో కొలిచి పంపు. అంచులు కిందికి మడిచేందుకు రెండంగుళాలు ఎక్కువ ఉంచి, ఫ్లీస్ కిందకి సరిపోయేట్టు కుడతాను. ఆదివారం నేనే తీసుకొస్తాను.

ప్రేమతో,
పెద్దమ్మ