ఆ అమ్మాయి వెళ్లవచ్చు, కానీ ఇంట్లో చెప్పి వెళ్లాలి

ప్రశ్న: మాది భీమవరం దగ్గర పల్లెటూరు. వియత్నాం దక్షిణ కొసన ఉన్న కా మౌలో, రొయ్యల మేత కంపెనీలో టెక్నీషియన్‌గా పనిచేస్తున్నాను. భార్యాపిల్లలు ఊళ్లోనే ఉన్నారు. నేను అద్దెకున్న ఇంటివాళ్లకు వనామి రొయ్యల చెరువులున్నాయి. ఈ ఏడాది తెల్లమచ్చ వ్యాధితో పంట పోయి అప్పుల్లో ఉన్నారు. వాళ్ల చిన్నమ్మాయికి పద్దెనిమిదేళ్లు. నన్ను బాబాయి వరసతో పిలుస్తుంది, సాయంత్రాలు ఇంగ్లిషు చెప్పించుకోవడానికి వస్తుంది. చదువులో గట్టిది. కాన్ థో విశ్వవిద్యాలయంలో చేరాలన్నది తండ్రి మాట. ఆమె మాత్రం దరఖాస్తులో హో చి మిన్ నగరాన్ని మొదట, కాన్ థోను రెండోది పెట్టింది. నగరంలోనే సీటొచ్చింది, ఫుడ్ టెక్నాలజీలో. ఈ సంగతి ఇంట్లో తెలియదు. ఆమె అన్న ఆ నగరం పక్కనే ఉన్న బిన్ డువాంగ్‌లో ఒక కర్మాగారంలో పనిచేస్తూ 2021లో కోవిడ్ రోజుల్లో ఇల్లు చేరాడు. అప్పటి నుంచి తల్లికి నగరమంటేనే భయం. ఒప్పుకోకపోతే రాత్రి బస్సెక్కి వెళ్లిపోతానని, ఏదైనా కాఫీ దుకాణంలో పనిచేస్తూ చదువుకుంటానని నాతో అంది. ఎవరికీ చెప్పనని మాట తీసుకుంది. మొదటి ఖర్చులకు అప్పు కూడా అడిగింది. పరాయి ఇంటి గొడవ మీకెందుకని నా భార్య కోప్పడుతోంది. నేనేం చేయాలి?

జవాబు: డబ్బు మాట తర్వాత. ముందు మీ దగ్గరున్న రహస్యం సంగతి చూడాలి. మీరు ఆ ఇంట్లో ఉంటున్న మనిషి. రోజూ ఆ తల్లిదండ్రుల ముఖాలు చూస్తూ, వాళ్ల బిడ్డ ఇల్లు విడిచి వెళ్లబోతోందన్న విషయం దాచిపెట్టుకోవడం మీకు తగదు. అలాగని ఆమెకు తెలియకుండా తండ్రి చెవిన వేయడమూ తగదు. ఆ పిల్ల తన భయాన్నీ ఆశనూ చెప్పుకున్నది మీ ఒక్కరితోనే. ఆ నమ్మకాన్ని మీరు వెనక నుంచి విరిచేస్తే ఇక పెద్దవాళ్లెవరితోనూ మనసు విప్పదు. అందుకని ఆమెతోనే సూటిగా చెప్పండి: "ఈ మాట నేను దాచలేనమ్మా. రెండు మూడు రోజుల్లో నువ్వే చెప్పు. కావాలంటే నీ పక్కన కూర్చుంటాను." అలుగుతుంది. అలగనివ్వండి.

డబ్బు విషయంలో మీ భార్య మాట వినమంటాను. ఆమె రాతిగుండెతో అలా అనడం లేదు. కుటుంబానికి దూరంగా ఒంటరిగా ఉన్న మగవాడు పద్దెనిమిదేళ్ల పిల్లకు చాటుగా డబ్బు ఇచ్చాడని తెలిస్తే ఏ ఊళ్లోనైనా ఏమనుకుంటారో ఆమెకు తెలుసు. మీ మనసు స్వచ్ఛమైనదే కావచ్చు, నింద మోయాల్సింది మాత్రం ఆ అమ్మాయి కూడా. ఆ పిల్ల చేతికి ఒక్క డాంగ్ (వియత్నాం డబ్బు) కూడా ఇవ్వకండి. ఇవ్వాలనుకుంటే ఆమె తల్లిదండ్రులిద్దరి ఎదుట, మీ భార్యకు చెప్పి, తండ్రి చేతికే ఇవ్వండి. తిరిగి రాకపోయినా మీ ఇల్లు తట్టుకునేంతే ఇవ్వండి.

ఇక అసలు విషయం. తండ్రికి బహుశా తెలియని సంగతి ఒకటుంది. వియత్నాంలో పన్నెండో తరగతి పరీక్ష జూన్‌లో జరుగుతుంది, ఫలితాలు జులైలో వస్తాయి. మన ఇంజినీరింగ్ కౌన్సెలింగ్‌లో వెబ్ ఆప్షన్ల మాదిరిగానే వరసలో పెట్టిన వాటిలో మార్కులకు అందిన మొదటిదే దక్కుతుంది, దాని కింద ఉన్నవన్నీ పోతాయి. అంటే కాన్ థో సీటు ఇప్పుడు ఆమె చేతిలో లేదు. నగరంలో వచ్చిన సీటును ఆగస్టులో ఇచ్చే గడువులోపు ఆన్‌లైన్‌లో ఖాయం చేసుకోకపోతే అదీ పోతుంది. ఆ తర్వాత మిగిలేవి ఖాళీ సీట్లకు జరిగే అదనపు విడతలు, లేదంటే వచ్చే ఏడాది మళ్లీ పరీక్ష. కాబట్టి ఆ ఇంట్లో మాట్లాడుకోవాల్సింది కాన్ థోనా, నగరమా అని కాదు. నగరమా, ఒక ఏడాది ఆగడమా అని. ఇది బయటపడిన రోజు తండ్రికి కోపం రావడం న్యాయమే. ఆమె తన చదువును తానే ఎంచుకుంది, అందులో తప్పు లేదు. దాచిపెట్టడం తప్పు. దానికి క్షమాపణ అడిగే మాట మొదలుపెట్టాలి.

తండ్రి కూడా ఏదో మొండితనంతో అన్నట్టు నాకనిపించలేదు. 1966లో మొదలైన కాన్ థో విశ్వవిద్యాలయానికి మీరుంటున్న మెకాంగ్ డెల్టా అంతటా గౌరవం ఉంది. చేపలు, రొయ్యల పెంపకం చదువుకు అది పేరున్న చోటు, మీ వృత్తిలో ఉన్నవారికి నేను చెప్పనక్కర్లేదు. నగరంతో పోలిస్తే ఇంటికి దారి కూడా దాదాపు సగం. ఆ అమ్మాయిని ఒక ప్రశ్న అడగండి: నీకు కావలసింది ఆ చదువా, ఆ నగరమా? నగరమే అని చెప్పినా తప్పుపట్టకండి. ఉప్పునీరు పైకెక్కిన 2016, 2020 కరువులు చూసి, చెరువు ఎండితే ఇల్లు ఎలా ఉంటుందో తెలిసి పెరిగిన పిల్ల అది. ఆ డెల్టా నుంచి లక్షలమంది ఉపాధి వెతుక్కుంటూ సైగాన్ (హో చి మిన్ నగరం పాత పేరు) వైపు వెళ్లారు. తానూ వెళ్లాలనుకోవడంలో వింత లేదు. కాకపోతే జవాబు ఏదో ఆమెకు స్పష్టంగా తెలిసి ఉండాలి. చదువు కోసం వెళ్లినవాళ్లు మొదటి పరీక్ష తప్పినప్పుడు నిలబడే తీరు వేరు, నగరం కోసం వెళ్లినవాళ్లు నిలబడే తీరు వేరు.

తల్లి భయాన్ని మాత్రం తేలిగ్గా తీసేయవద్దని మీకు గట్టిగా చెప్తున్నాను. 2021 అక్టోబరు మొదట్లో లాక్‌డౌన్ సడలించగానే హో చి మిన్ నగరం, బిన్ డువాంగ్ నుంచి మోటారు సైకిళ్ల మీద మూటలు, చంటిపిల్లలతో జనం వేలకు వేలుగా డెల్టాకు తిరిగొచ్చారు. నెలల తరబడి జీతం లేక, గది దాటే వీలు లేక గడిపినవాళ్లు వాళ్లు. ఆ గుంపులో తన కొడుకు కూడా ఉన్న తల్లికి నగరమంటే ఆ దృశ్యమే. ఆమెకు వాదనలు వద్దు. పిల్ల ఏ గదిలో ఉంటుంది, ఎవరితో ఉంటుంది, జ్వరమొస్తే ఎవరు చూస్తారు, ఇవి చెప్పాలి. మొదటి ఏడాది విశ్వవిద్యాలయ హాస్టల్లోనే ఉండాలని నా పట్టుదల. ఇల్లు చూసుకుందామని బయట గదికి వెళ్లవద్దు. నగరంలోని థు డక్ ప్రాంతంలో జాతీయ విశ్వవిద్యాలయపు హాస్టళ్లు వేలాదిమందికి చోటిస్తాయి. ఆమెది అందులోని కళాశాల అయితే సీటు ఖాయం చేసుకున్న వెంటనే దరఖాస్తు పెట్టాలి, కాకపోతే తన విశ్వవిద్యాలయంలోనే అడగాలి. అక్కడ నెలకు కొన్ని లక్షల డాంగ్‌లతో సరిపోతుంది. బయట గదికి బయానా పోతుంది, కరెంటుకు ఇంటి యజమాని చెప్పిందే రేటు. నగరంలో దారి తెలియని పిల్లకు ఈ తలనొప్పులు మొదటి ఏడాదే అక్కర్లేదు.

ఆమె లెక్క ఎక్కడ తప్పుతోందో చూడండి. కాఫీ దుకాణంలో పనిచేసి చదువుకుంటానంటోంది. 2024 జులైలో అక్కడ నగర ప్రాంతాలకు నిర్ణయించిన కనీస వేతనం గంటకు 23,800 డాంగ్‌లు, ఆ తర్వాత పెరిగింది కొద్దిగానే. 2024 రేటు లెక్కన రోజుకు నాలుగు గంటలు, నెలకు పాతిక రోజులు చేసినా చేతికి సుమారు 24 లక్షల డాంగ్‌లు వస్తాయి, అంటే మన ఎనిమిది వేల రూపాయలు. బయట గదిలో ఉంటే గది, తిండి, రాకపోకలు కలిపి ఎంత పొదుపుగా ఉన్నా 40 లక్షల డాంగ్‌లు దాటుతుంది. ఫీజు వేరే. స్వయంప్రతిపత్తి తీసుకున్న ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో అది తక్కువేమీ కాదు. పని ఆదుకుంటుంది, పోషించలేదు. పోషించాలని చూస్తే నాలుగు గంటలు ఎనిమిదవుతాయి, తరగతులు పోతాయి. వెళ్లినవాళ్లు చదువు మానేయడానికి చాలాసార్లు కారణం తెలివి చాలకపోవడం కాదు, ఈ అలసటే.

దీనికి దారి ఉంది. వియత్నాం సామాజిక విధానాల బ్యాంకు విద్యార్థులకు నెలకు 40 లక్షల డాంగ్‌ల వరకు అప్పిస్తుంది. ఈ పరిమితి 2022 నుంచి ఉంది, వడ్డీ నెలకు 0.55 శాతం. పేద, దాదాపు పేద కుటుంబాలకే కాక మధ్యస్థ జీవన స్థాయి ఉన్న ఇళ్లకూ అప్పటి నుంచే వర్తింపజేశారు. చదువు ముగిశాకే తిరిగి కట్టడం మొదలవుతుంది. కాకపోతే ఆ అప్పు ఇంటి పేరు మీద రావాలి. ఇంటి పెద్ద సంతకం పెట్టాలి, ఊరి ప్రజా కమిటీ ధ్రువీకరించాలి, మహిళా సంఘం వంటివాటి కింద నడిచే పొదుపు బృందం ద్వారా కాగితాలు కదలాలి. అర్థరాత్రి బస్సెక్కి వెళ్లిపోయిన పిల్లకు ఈ తలుపు తెరుచుకోదు. ఈ ఒక్క మాట ఆమెకు వివరించండి. తండ్రిని ఒప్పించాల్సిన అవసరం మర్యాద కోసమే కాదు, తన చదువు సాగడానికేనని తనే గ్రహిస్తుంది. బ్యాంకు డబ్బు ఆలస్యమైతే మధ్యలో రెండు నెలలు గట్టెక్కడానికి మీ అప్పు పనికొస్తుంది. ఫోనులో క్షణాల్లో అప్పిచ్చే యాప్‌ల జోలికి మాత్రం పోవద్దనండి. వాటితో మన ఊళ్లలో ఎన్ని ఇళ్లు ఏడ్చాయో మీకు తెలుసు.

మరో ప్రమాదం గురించి మీరు నిక్కచ్చిగా మాట్లాడాలి. "తేలిక పని, పెద్ద జీతం" అనే ప్రకటనలు అక్కడి కుర్రకారు ఫోన్లలో తిరుగుతుంటాయి. వాటిని నమ్మి వెళ్లినవాళ్లు కొందరు కంబోడియాలో సైబర్ మోసాల ముఠాల చేతిలో బందీలయ్యారు. హో చి మిన్ నగరం నుంచి మోక్ బాయ్ సరిహద్దు 70 కిలోమీటర్లే. 2024లో విశాఖ యువకులు కూడా ఇలాగే కంబోడియాలో చిక్కి బయటపడ్డారు, ఆ వార్తలు మీరు చదివే ఉంటారు. ఆ కథలు ఆమెకు చెప్పండి. గుర్తింపు కార్డు ఎవరి దగ్గరా వదలకూడదు, ఉద్యోగం కోసం ముందు డబ్బు కట్టకూడదు, పది మందిని చేర్పిస్తే లాభమనే వ్యాపారంలోకి స్నేహితురాలు పిలిచినా వెళ్లకూడదు.

ఇంతకన్నా నేను ఎక్కువగా భయపడేది వేరే దానికి. ఎదిరించి వెళ్లిన పిల్ల కష్టమొచ్చినప్పుడు ఇంటికి ఫోను చేయదు. "చెప్పాను కదా" అనే మాట వినలేక అన్నం లేకపోయినా తిన్నానంటుంది, సబ్జెక్టు తప్పినా బాగా రాశానంటుంది, టెట్ పండక్కి, అంటే అక్కడి కొత్త సంవత్సరానికి, ఊరంతా వస్తే తను సెలవు దొరకలేదంటుంది. మోసగాళ్లకు దొరికేది ఆ మౌనంలో ఉన్నవాళ్లే. నా దగ్గరకు వచ్చే హైదరాబాద్, బెంగళూరు ఉత్తరాల్లోనూ ఇదే చూస్తుంటాను. అందుకే వెళ్లే ముందు తండ్రి నోటి నుంచి ఒక మాట రావాలి: నచ్చకపోతే, కుదరకపోతే తిరిగి రా, నిన్ను ఎవరూ ఏమీ అనరు. ఆ మాట మీరు చెప్తే చాలదు, ఆయనే చెప్పాలి.

ఆయనతో మాట్లాడేటప్పుడు మీరు ముందుండకండి. పన్నెండో తరగతిలో ఆమె తరగతి బాధ్యత చూసిన టీచరును పిలవమనండి, అక్కడ ఆ మాటకు విలువెక్కువ. అన్నను కూడా కూర్చోబెట్టాలి. కష్టం చూసి వచ్చినవాడు గనుక తల్లి అతని మాట వింటుంది, అతను చెప్పే జాగ్రత్తలు మనవాటికన్నా పనికొస్తాయి. ముందు ఆమె క్షమాపణ, తర్వాత గడువు తేదీ, ఆ తర్వాత కాగితం మీద రాసిన ఖర్చు. పంట పోయిన సంగతిని ఎవరూ ఎత్తకూడదు. అప్పుల్లో ఉన్న తండ్రికి "నీ దగ్గర డబ్బు లేదు కాబట్టి" అన్నట్టు వినిపిస్తే ఇక ఏ మాటా ఎక్కదు.

అప్పటికీ ఆయన ససేమిరా అంటే? సీటు ఖాయం చేసుకున్నంత మాత్రాన వెళ్లిపోయినట్టు కాదు. గడువులోపు ఆ పని ఆమె చేసుకోవచ్చు, పద్దెనిమిది నిండిన మనిషి. అది కూడా తండ్రికి చెప్పి చేయాలి. చేరే రోజు వరకు ఇంకా కొంత సమయం ఉంటుంది, ఆ రోజుల్లో కోపం కొంత దిగుతుంది, తల్లి మెత్తబడుతుంది. చివరికి ఒప్పుకోకపోయినా వెళ్లాలనుకుంటే పగటిపూట, అందరికీ చెప్పి, అన్నతో కలిసి బస్సెక్కమనండి. ఆ పరిస్థితిలో మీరు డబ్బు ఇవ్వవద్దు. ఇంగ్లిషు పాఠాలు మాత్రం ఫోనులో కొనసాగించండి, ఆ సంగతి ఇంట్లోవాళ్లకూ తెలిసేలా.

ఆమెతో మాట్లాడే ముందు ఈ రాత్రే మీ భార్యకు ఫోను చేసి ఇదంతా చెప్పండి. మీరిద్దరూ ఎంత ఇవ్వగలరో ఆమెనే నిర్ణయించమనండి.