జపాన్ పోతున్న బిడ్డకు, ముందుగాల మందుల సంచి గురించి

చిరంజీవి శ్రావ్యకు పెద్దబాపు దీవెనలు.

నువ్వు కాలేజి తరఫున నవంబర్‌ల పన్నెండు రోజులు జపాన్ పోతున్నవని మీ బాపు ఫోన్‌ల చెప్పిండు. మన ఇంట్లకెల్లి చదువు పని మీద దేశం దాటుతున్నది నువ్వే ముందు. వాడకట్టు మొత్తం ఆ ముచ్చట చెప్పుకున్న. రాత్రి పండుకున్నంక మాత్రం ఒక్కొక్క భయం పట్టుకున్నది. ఫోన్‌ల చెప్తే ‘సరే పెద్దబాపూ’ అని పెట్టేస్తవు. కాయిదం మీద ఉంటే సామాన్లు సర్దేటప్పుడు ముందల పెట్టుకుంటవని రాస్తున్న.

పాస్‌పోర్టు, వీసా, టికెట్, ఇన్సూరెన్స్ రెండు జతలు జిరాక్స్ తీసి వేరే వేరే సంచులల్ల పెట్టు. విజిట్ జపాన్ వెబ్ అని జపాన్ సర్కారు సైటుంటది, దాంట్ల వివరాలు ఇక్కడనే నింపి, క్యూఆర్ కోడ్ స్క్రీన్‌షాట్ తీసి ఉంచుకో. అసలు పాస్‌పోర్టు హోటల్‌ల పెట్టి తిరగకు. తక్కువ రోజుల వీసా మీద వచ్చినోళ్లు దాన్ని ఎప్పుడూ వెంట ఉంచుకోవాలెనని అక్కడి చట్టం. పోలీసు అడిగితే జిరాక్స్ చెల్లది.

ఇగ అసలు సంగతి. మందుల దుకాణంల బతుకు గడిపినోన్ని, నా భయమంతా మందుల మీదనే ఉంటది.

విదేశం పొయ్యేటోళ్లు ఏండ్ల సంది చేసే తప్పు ఒకటే. జాగ సరిపోదని అట్టపెట్టెలు పారేస్తరు, షీట్లు సగం సగం కత్తిరిస్తరు, గోలీలన్ని ఒక ప్లాస్టిక్ డబ్బల పోస్తరు. కత్తిరించినకాడ మందు పేరు, గడువు తేదీ ఉన్న ముక్కనే పోతది. కస్టమ్స్ ఆఫీసరు మూత తీస్తే ఆయనకు కనిపించేది పేరు లేని తెల్ల గోలీలు. అవి జరానివో ఇంకోటో ఆయనకెట్ల తెలుస్తది? షీటు ఉన్నా, మన కంపెనీ పెట్టిన పేరు ఆయనకు పనికి రాదు, లోపల ఉన్న మందు పేరు కావాలె. పైంగ మన జలుబు గోలీ అంటే ఒక్క మందు కాదు, ఒక్కదాంట్లనే మూడు నాలుగు కలిపి ఉంటయి. చిక్కంతా ఆ కలిపినకాడనే.

ముక్కు దిబ్బడ పోవాలని కొన్ని జలుబు గోలీలల్ల సూడోఎఫెడ్రిన్ కలుపుతరు. దాంతోటి మత్తుమందు తయారు చెయ్యొచ్చు. అందుకే అది 10 శాతం దాటిన మందును జపానోళ్లు మత్తుమందు ముడిసరుకు కింద జమకడతరు, ముందస్తు అనుమతి లేకుంటె రానియ్యరు. లెక్క చూడు: 300 మిల్లీగ్రాముల గోలీల అది 60 మిల్లీగ్రాములుంటే 20 శాతం అయినట్టు. మన దగ్గర జలుబుకు మింగే మామూలు గోలీ అక్కడ కేసు అయితది. కొడీన్ కలిసిన దగ్గు మందు కూడ వద్దే వద్దు, అది నల్లమందు జాతి. నువ్వు పెట్టుకోకున్నా మీ అమ్మ ‘ఎందుకన్న మంచిది’ అని ఒక షీటు సంచిల వేస్తది. ఆమె ప్రేమను కాదనకు గని, వేసిన ప్రతి షీటు వెనుక పేరు చదివి, అనుమానమున్నది తీసెయ్యి. తెల్వక తెచ్చిన అంటే అక్కడ వినరు.

చీటీ మీద వాడే మందులు ఒక నెలకు సరిపోయేటన్ని, చీటీ లేకుండ కొనేవి రెండు నెలలకు సరిపోయేటన్ని, అనుమతి కాయిదం లేకుండనే తీసుకపోవచ్చు. మత్తుమందుల లెక్కల వచ్చేటియి ఇందుల కలవవు. నీకు మూడు వారాల మందు చాలు, విమానం లేటయినా సరిపోతది. డాక్టరుతోటి ఇంగ్లీషుల టైపు చేయించుకో: పాస్‌పోర్టుల ఉన్నట్టే నీ పేరు, జబ్బు పేరు, మందుల అసలు పేర్లు, మోతాదు, రోజుకెన్ని, మొత్తమెన్ని, సంతకం, రిజిస్ట్రేషన్ నంబరు. చేతిరాత చీటీ అక్కడ ఎవ్వరూ చదవలేరు. అన్ని పెట్టెలతోటి సహా చేతి సంచిలనే ఉండాలె. కింద వేసిన సూట్‌కేసు ఒకరోజు ఆలస్యంగ వస్తే నువ్వు మందు లేకుండ ఉండాలె.

చిన్నప్పుడు ఎనుమాముల మార్కెట్‌కు పత్తి బండ్లు మొదలైతే చాలు, నీకు దమ్ము లేచేది. మీ బాపు నిన్ను భుజానేసుకొని దుకాణంకు ఉరికొచ్చేటోడు. ఇప్పుడు మంచిగున్నదని బుడెసోనైడ్ పంపు ఆపినవట. అది తప్పు బిడ్డా. సాల్బుటమాల్ పంపు కొడితే నిమిషాలల్ల దమ్ము దిగుతది గని లోపలి వాపు పోదు. వాపు తగ్గించేది బుడెసోనైడే, అది మంచిగ పనిచెయ్యాలంటే రోజూ వాడుతూ వారాలు గడవాలె. అక్కడ చలికి దమ్ము లేచినంక కొట్టుకుంటనంటే అక్కరకు రాదు. డాక్టరుకు చూపించుకొని ఇయ్యాల్టి నుంచే మళ్ల మొదలుపెట్టు, కొట్టుకున్న ప్రతిసారి నోరు పుక్కిలించు. విమానంల గాలి పొడిగుంటది, నువ్వు పొయ్యే సుకుబా ఊళ్ల నవంబర్ పొద్దుగాల గట్టి చలి. సాల్బుటమాల్ రెండు పెట్టుకో, ఒకటి చేతి సంచిల, ఒకటి కోటు జేబుల. కొత్తది తెరిచినంక రెండు మూడు సార్లు గాలిల కొట్టి చూసి వాడు. అక్కడ చీటీ లేకుండ అది అమ్మరు. కోపం చేసిననని బాధపడకు, నీ ఊపిరి మీద నాకు రాజీ లేదు.

మిగిలినయి కొద్దిగనే: పారాసిటమాల్ 500 పది, సెటిరిజిన్ పది, ఓఆర్ఎస్ నాలుగు పాకెట్లు.

తిండి. మీ అమ్మ కోడి తొక్కు పెడతనంటున్నదట, వద్దని చెప్పు. మాంసంతోటి చేసింది ఏదైనా, ఎండినా వేయించినా, తనిఖీ సర్టిఫికెట్ లేకుండ జపాన్‌కు పోదు. మూడేండ్ల దాక జైలో, 30 లక్షల యెన్ల దాక జరిమానో అని చట్టంలనే ఉన్నది. పచ్చి కరివేపాకు, నిమ్మకాయలు, పండ్లు కూడ వద్దు. సకినాలు, అటుకుల చుడువ, మామిడికాయ తొక్కు నడుస్తయి. తొక్కు మాత్రం సూట్‌కేసుల పెట్టు, చేతి సంచిల అయితే ఆపుతరు. టికెట్ దుబాయి మీదికెల్లి ఉంటే మసాలపొడిల గసగసాలు లేకుండ చూసుకో. జగిత్యాల, కరీంనగర్ దిక్కుకెల్లి గల్ఫ్ పోయినోళ్లనడుగు, గసగసాలకు అక్కడ ఎంత గోస అయితదో చెప్తరు. కస్టమ్స్ ఫారంల తిండి సామాను ఉన్నదా అంటే ఉన్నదనే రాయి. చూపించి వదులుకుంటే తొక్కు పోతది, దాచిపెడితే పేరు పోతది.

నువ్వు పెద్దకూర, పందికూర తినవు గనుక జపాన్ కర్రీ అని కనిపిస్తే అడిగి తిను. కూరగాయలదైనా చాలావాటి మసాల ముద్దల ఎద్దు కొవ్వో పంది కొవ్వో ఉంటది. తెల్లగ చిక్కగ ఉండే టోంకోత్సు రామెన్ నూడుల్స్ పులుసు పంది బొక్కల రసం. ఉడోన్ నూడుల్స్ పులుసు చేపలతోటి కాస్తరు, అది నీకు పర్వాలేదు. నల్లా నీళ్లు తాగొచ్చు.

మన ఎలక్ట్రిక్ కెటిల్ మోసుకపోకు. అక్కడ కరెంటు 100 వోల్టులు, 1500 వాట్ల కెటిల్‌కు 280 వాట్లే అందుతది, గ్లాసు నీళ్లకు ఎదురుచూసుడే అయితది. ఫోను, ల్యాప్‌టాప్ చార్జర్ల మీద 100–240 అని ఉంటే పనిచేస్తయి. రెండు చదును పుల్లల అడాప్టరు రెండు కొనుక్కో.

టోక్యో అకిహబర నుంచి సుకుబాకు వేగం రైలు 45 నిమిషాలు. అర్ధరాత్రి దాటితే రైళ్లు ఆగుతయి, తెల్లారి ఐదు దాక ఉండవు, కాబట్టి పదింటికే తిరుగు మొఖం పట్టు. రైల్ల ఫోన్ మాట్లాడకు. ప్రొఫెసరు పదింటికి రమ్మంటే పది నిమిషాలు ముందే ఉండు. లోపలికి పొయ్యేటప్పుడు చెప్పులు విడువాలె, చిరుగులు లేని సాక్సులు ఆరు జతలు పెట్టుకో.

భూకంపం వస్తే బయటికి ఉరకకు. టేబుల్ కిందికి దూరి తల కాపాడుకో, ఊపు ఆగినంక తలుపు తెరువు. అంబులెన్స్‌కు 119, పోలీసుకు 110. అక్కడి టైం మనకన్న మూడున్నర గంటలు ముందు. నువ్వు పండుకునేముందు ఒక్క మెసేజ్ పెట్టు, మాకింక సాయంత్రమే ఉంటది.

వచ్చే ఆదివారం హన్మకొండకు రా. డాక్టరు చీటీ, నీ దగ్గరున్న గోలీలన్ని పట్టుకరా, ఇద్దరం కూసోని ఒక్కొక్కటి చదివి సర్దుదాం. మీ అమ్మ వేసినయి కూడ తే.

మీ పెద్దబాపు