మీ ఇంటి అవధానానికి సంచాలకుడు ఎవరు?

ప్రశ్న: నాకు 42 ఏళ్లు. ప్రభుత్వ కార్యాలయంలో జూనియర్ అసిస్టెంట్‌గా పనిచేస్తున్నాను. పదోన్నతి రావాలంటే అకౌంట్స్ టెస్టు పాస్ కావాలి. ఒకసారి తప్పాను. సాయంత్రం బస్సులో ఇంటికి వచ్చి, వంట, అత్తగారి మాత్రలు, అమ్మాయి హోంవర్కు చూసుకుంటూ పుస్తకం పట్టుకుంటే పేజీ తిరగదు. ఒకే పేరాను నాలుగుసార్లు చదువుతాను. మొన్న పుస్తకంతో పొయ్యి పక్కనే నిలబడి ఉండగా పాలు పొంగిపోయి గిన్నె మాడింది. ఎనిమిదో తరగతి చదివే మా అమ్మాయి "నువ్వు వింటున్నట్టు నటిస్తావు అమ్మా" అంది. ఫోను పక్కన పెడితే అన్నీ సర్దుకుంటాయని మావారు అంటారు. రాత్రి పదకొండు దాటాక గంటసేపు రీల్స్ చూసే మాట నిజమే. చిన్నప్పుడు నవల మొదలుపెడితే పూర్తయ్యేదాకా లేచేదాన్ని కాదు. ఏడీహెచ్‌డీ (శ్రద్ధ నిలవకపోవడం, కుదురు లేకపోవడం ఉండే స్థితి) లక్షణాలంటూ ఒక వీడియోలో చెప్పినవన్నీ నాకే ఉన్నట్టు అనిపించింది. మా అమ్మకు పెద్ద వయసులో మతిమరుపు వచ్చింది. నాకూ అదే మొదలైందా? ఏకాగ్రతకు మందులు ఏమైనా ఉన్నాయా?

జవాబు: ముందు మతిమరుపు భయం సంగతి తేల్చేద్దాం. పాలు పొంగడం మతిమరుపు కాదు. మీ కళ్లు గిన్నె వైపు ఉన్నా బుద్ధి పుస్తకంలో ఉంది. అసలు మనసులోకి ఎక్కనిదాన్ని మరిచిపోయామనడానికి లేదు. రోజూ నడిచే దారి తప్పడం, అడిగిన ప్రశ్ననే గంటలో నాలుగుసార్లు అడిగి ఆ సంగతే గుర్తులేకపోవడం, ఏళ్లుగా చేస్తున్న బిల్లు లెక్క ఉన్నట్టుండి చేతకాకపోవడం వంటివి ఉంటే నరాల వైద్యుడి దగ్గరికి వెళ్లమని నేనే తొందరపెట్టేదాన్ని. మీ ఉత్తరంలో అవేవీ లేవు. పేరాను ఎన్నిసార్లు చదివారో కూడా మీ దగ్గర లెక్క ఉంది.

ఏడీహెచ్‌డీ అని నిర్ధారించాలంటే దాని లక్షణాలు కొన్ని పన్నెండేళ్ల లోపే కనిపించి ఉండాలి. అలసిన మనిషి ఎవరు చూసినా ఆ వీడియోలో తమ ముఖమే కనిపిస్తుంది. మీ బాల్యం గురించి మీరు రాసిన దాన్నిబట్టి ముందుగా అనుమానించవలసింది అది కాదు. దానికంటే ముందు థైరాయిడ్, హిమోగ్లోబిన్, బి12, షుగర్ పరీక్షలు చేయించుకోండి. నలభైలలో నెలసరి తీరు మారేటప్పుడు నిద్ర చెదిరి, బుద్ధి మసకబారినట్టు ఉండటం చాలామందికి అనుభవమే. సిగ్గుపడకుండా గైనకాలజిస్టుతో ఆ మాట చెప్పండి. రెండు వారాలకు పైగా దేనిమీదా ఆసక్తి లేకుండా, ఊరికే ఏడుపు వస్తూ ఉంటే మానసిక వైద్యుడిని కలవాలి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలి-మానస్ 14416కు ఫోను చేసినా తెలుగులో మాట్లాడతారు. ఇక ఏకాగ్రత మందుల సంగతి: దుకాణంలో ఆ పేరుతో అమ్మే మాత్రల జోలికి వెళ్లకండి.

మీ ఉత్తరంలో మీవారికి ఫోను కనిపించింది. నాకు పొయ్యి కనిపించింది. పరీక్షకు చదువుకుంటున్న మనిషి పొయ్యి పక్కన ఎందుకు నిలబడి ఉంది?

మీరు ఎప్పుడైనా అష్టావధానం చూసే ఉంటారు. అవధాని చుట్టూ ఎనిమిది మంది పృచ్ఛకులు, అంటే అడిగేవారు, ఉంటారు. పద్యంలో పూరించమని ఒకరు సమస్యగా ఒక పాదం ఇస్తారు, ఒకరు దత్తపదిగా కొన్ని మాటలు ఇస్తారు, ఇంకొకరు ఒక్కో అక్షరాన్నీ నిషేధిస్తూ పోతారు. మధ్యలో అప్రస్తుత ప్రసంగం చేసే ఆయన వడియాల పిండి గురించో అల్లుడి అలక గురించో అడిగి దారి మళ్లించాలని చూస్తాడు. వెనక ఎక్కడో గంట మోగుతుంటుంది. అది ఎన్నిసార్లు మోగిందో కూడా చివర చెప్పాలి. మీరు కుక్కర్ విజిల్స్ లెక్కపెడుతూ, అత్తగారి మాత్రలు గుర్తుపెట్టుకుంటూ, బడి గ్రూపులో వచ్చిన హోంవర్కు చూస్తూ, ఆ మధ్యలో ఆర్థిక నియమావళి చదవబోయారు. అవధానం అనే మాటకు శ్రద్ధ నిలపడమనే అర్థం. ఆ లెక్కన మీరూ అవధానే. మరి వేదిక మీది అవధానికి చప్పట్లు, మీకు మాడిన గిన్నె ఎందుకు?

ఆయన ప్రతిభను తక్కువ చేయను. అది ఏళ్ల సాధన. కానీ ఆ వేదిక మీద మీకు లేని సదుపాయాలు రెండున్నాయి. ఆయన ఎనిమిది పనులూ ఒకేసారి చేయడు. పద్యం ఒక్కో ఆవృత్తిలో, అంటే ఒక్కో చుట్టులో, ఒక్కో పాదం చొప్పున సాగుతుంది. ఒక పృచ్ఛకుడికి పాదం పూర్తిచేసి చెప్పాకే తరువాతి వారి వైపు తిరుగుతాడు. నాలుగు ఆవృత్తులు అయ్యాక అన్నిటినీ ధారణ చేసి, అంటే గుర్తుంచుకుని, అప్పగిస్తాడు. రెండోది, సంచాలకుడు. ఎవరు ఎప్పుడు అడగాలో చూసేది ఆయనే. పృచ్ఛకులందరూ ఒకేసారి మీద పడితే ఎంత గొప్ప అవధానికైనా పద్యం నడవదు.

మీ ఇంట్లో సంచాలకుడు లేడు. ఆ పనీ మీరే చేస్తున్నారు.

మీవారిని ఆ పనికి నియమించండి. ఈ పేజీ ఆయనకు చూపించినా నాకు అభ్యంతరం లేదు. వారానికి ఐదు రోజులు, రాత్రి ఎనిమిదిన్నర నుంచి తొమ్మిదింబావు దాకా ఇంట్లో పుట్టే ప్రశ్నలన్నీ ఆయన దగ్గరికే వెళ్లాలి. చార్జర్ ఎక్కడ, రేపటి యూనిఫాం ఆరిందా, నానమ్మ బీపీ మాత్ర వేసుకుందా, అన్నీ. మాత్రలకు వారం రోజుల అరలున్న డబ్బా ఒకటి కొనండి. ఆయన తప్పులు చేస్తారు. అప్పుడు మీరు పక్క గదిలోంచి "అక్కడ కాదు, పై అరలో" అని కేక వేయకుండా ఉండాలి. ఈ ఏర్పాటు చాలా ఇళ్లలో పాడయ్యేది ఆ కేక దగ్గరే. మీ చెవి అటే ఉంటే తలుపు మూసి లాభం లేదు.

చదువుకు కూర్చున్నాక, ముప్పావుగంటా ఒకే పట్టున చదవాలని పంతం పట్టకండి. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో రాడార్ తెర చూసే సైనికులు శత్రువు జాడను ఎందుకు గమనించలేకపోతున్నారన్న ప్రశ్న వచ్చింది. నార్మన్ మాక్‌వర్త్ అనే మనస్తత్వవేత్త గడియారంలా తిరిగే ముల్లుతో పరీక్షలు చేసి 1948లో ఫలితాలు ప్రకటించారు. మొదటి అరగంటకే జాగ్రత్త సడలిపోతోందని తేలింది. వాళ్లు శిక్షణ పొందిన కుర్రాళ్లు. ఆఫీసులో రోజంతా ఫైళ్లు చూసి, బస్సులో నిలబడి వచ్చిన మీరు ఇరవై నిమిషాలు చదివి, ఐదు నిమిషాలు లేచి తిరిగి, మళ్లీ ఇరవై నిమిషాలు కూర్చుంటే చాలు.

చేతిలో పెన్సిల్ ఉంచుకోండి. మనసు పక్కకు పోయిందని తెలిసిన ప్రతిసారీ అంచున ఒక చుక్క పెట్టి, ఆగిన వాక్యం నుంచి చదవండి. పేరా మొదటికి వెళ్లొద్దు. మీరు నాలుగుసార్లు చదవడానికి ఆ అలవాటే కారణం. మొదటి రోజు పేజీకి పదిహేను చుక్కలు పడితే కంగారుపడకండి. పదిహేనుసార్లు వెళ్లిపోయిందని కాదు, పదిహేనుసార్లు పట్టి తెచ్చారని లెక్క. పోయిన దూడను తాడు పట్టి కొట్టానికి తెచ్చినట్టే, కొట్టకుండా తేవాలి. జారిపోయే శ్రద్ధను మళ్లీ మళ్లీ వెనక్కి తెచ్చే శక్తిని పెంచే చదువే చదువని అమెరికా తత్వవేత్త విలియం జేమ్స్ 1890లోనే రాశారు. అయితే అది ఎలా నేర్పాలో చెప్పడం మాత్రం అంత తేలిక కాదని ఆ వెంటనే ఒప్పుకున్నారు. ఆ నిజాయితీ నాకు ఇష్టం. చుక్కల పద్ధతి నేను నా దగ్గరికి వచ్చేవారికి చెబుతూ వస్తున్నది. కొందరికి పనిచేసింది. లెక్కలు రాసే చేయి కాబట్టి మీకు అతుకుతుందని నా ఊహ.

మధ్యలో లేవక తప్పకపోతే పాదం ముగించి లేవండి. ఒక పనిని సగంలో వదిలి ఇంకొకటి అందుకుంటే మొదటి దాని తాలూకు శేషం మనసులో మిగిలి రెండో పనిని కుంటుపరుస్తుందని సోఫీ లెరాయ్ అనే పరిశోధకురాలు 2009లో చూపించారు. విరుగుడు కూడా ఆమె తరువాతి పరిశోధనలో ఉంది. లేచే ముందు ఎక్కడ ఆగారో, తిరిగి వచ్చాక మొదట ఏం చేయాలో ఒక్క ముక్క రాసి పెట్టుకోవడం. "టీఏ బిల్లు, మూడో ఉదాహరణ, రేటు చూడాలి" అంటే చాలు.

మీ అమ్మాయి మాట మిమ్మల్ని గుచ్చుకుందని తెలుస్తోంది. ఆ వయసు పిల్లలు ముఖ్యమైన సంగతి నేరుగా చెప్పరు. పనికిరాని కబురు ఒకటి ముందు వదిలి, అమ్మ ఎంత వింటోందో చూసి, అప్పుడు అసలుది బయటపెడతారు. అందుకే సగం చెవితో "ఊ" కొట్టడం కంటే "రెండు నిమిషాలు ఆగు తల్లీ, ఇది కాగానే వస్తాను" అనడం మేలు. అన్నాక నిజంగా వెళ్లాలి. ఫోను వేరే గదిలో పెట్టి, పది నిమిషాలు ఆమె చెప్పేది వినండి. సలహా ఇవ్వకండి. మార్కుల ఊసు అసలే వద్దు. నటిస్తున్నావని ముఖం మీద అన్న పిల్లకు మీ మీద ఇంకా ఆశ ఉంది. ఆశ పోయినవాళ్లు చెప్పడం మానేస్తారు.

ఇప్పుడు ఫోను. మీవారి మాటలో నిజం ఉంది, సగమే. తరువాత వచ్చే రీల్ బాగుంటుందో లేదో తెలియకపోవడమే వేలిని ఆగనివ్వదు. గింజ ఎప్పుడు పడుతుందో తెలియని పావురం మీటను మరింత పట్టుదలగా పొడుస్తూనే ఉంటుందని స్కిన్నర్ అనే మనస్తత్వవేత్త ప్రయోగాల్లో ఎప్పుడో తేలింది. కానీ రాత్రి పదకొండు తరువాత మీరు చూస్తున్నది రీల్స్ ఒక్కటే అనుకోను. రోజు మొత్తంలో ఎవరూ "అమ్మా" అనో "ఏమోయ్" అనో పిలవని గంట అదొక్కటే. దాన్ని ఊరికే లాగేసుకుంటే మీకు ఇంకేమీ మిగలదు. కాబట్టి ఆ గంటను రద్దు చేయకండి, ముందుకు జరపండి. తొమ్మిదింబావు నుంచి పది దాకా మీ సొంత సమయం. రీల్స్ చూసినా సరే, మేడ మీద నడిచినా సరే, పాత నవల తీసినా సరే. పదికి ఫోను హాల్లో చార్జింగ్‌కు వెళ్లాలి, మీది మాత్రమే కాదు, మీవారిది కూడా. బంధువుల గ్రూపులను మ్యూట్ చేయండి. బడి గ్రూపును సాయంత్రం ఒక్కసారి చూస్తే సరిపోతుంది.

ఆరు వారాలు ఇలా నడిపి చూడండి. చుక్కలు తగ్గాయో లేదో పుస్తకం అంచులే చెబుతాయి. రక్తపరీక్షల ఫలితాలు వచ్చాక నాకు మళ్లీ రాయండి.

పాలు పొయ్యి మీద ఉండగా మాత్రం పుస్తకం తెరవకండి. ఆ పని కూడా సంచాలకుడికే అప్పగించవచ్చు. మొదటి వారం ఇంకో గిన్నె మాడుతుంది. తోమేది ఆయనే అని ముందే మాట తీసుకోండి.