పార్టీ వచ్చిందా?

విజయనగరం

అమ్మాయీ,

నీ కథ చదివాను. రిజిస్ట్రారు ఆఫీసు బయట దస్తావేజులు రాసే మనిషి చేత "కొనుగోలుదారులు విచ్చేశారా?" అనిపించావు. నరసన్నపేటలో అలా ఎవరడుగుతారు తల్లీ? "పార్టీ వచ్చిందా?" అంటారు. ఇంగ్లీషు మాట తీసేస్తే తెలుగు బాగుపడుతుందని నీకెవరు చెప్పారో గానీ, మాటతో పాటు మనిషీ పోయాడు.

ఆ "వచ్చిందా" చూడు. వచ్చేవాడు ఊరికి పెద్దమనిషే కావచ్చు. బ్రోకరు నోట్లో పడేసరికి మనిషి కాస్తా వస్తువైపోతాడు. "పార్టీ వచ్చింది, పొలం చూసింది, నచ్చలేదంట." ఆయనే ఎదురుగా ఉంటే "కూర్చోండి బాబూ." ఈ రెండూ పక్కపక్కన పెట్టు, బ్రోకరు గుణగణాల మీద నువ్వు రాసిన పేరా మొత్తం కొట్టేయొచ్చు.

ఈ మాట ఇంగ్లీషులోకి పాత ఫ్రెంచి నుంచి వచ్చింది. మొదట్లో భాగం, వాటా అని అర్థం. దావాలో ఒక వైపు, రాజకీయాల్లో ఒక పక్షం అందులోంచి పుట్టినవే. విందు అర్థం 18వ శతాబ్దంలో చేరింది. మన ఊళ్లలో ఆ పాత అర్థమే ఇంకా గట్టిగా ఉంది. "మా ఊళ్లో రెండు పార్టీలు" అంటే జెండాల సంగతి కాదు. జెండాలు మారతాయి, ఆ రెండూ మారవు. ఎవరి పెళ్లికి ఎవరెళ్తారో వాటిని బట్టే. ముసలాళ్లు "పాల్టీ" అంటారు. అలాగే రాయి, కానీ ప్రతి పల్లెటూరి మనిషి చేతా అనిపించకు, వెక్కిరింత అయిపోతుంది.

పాఠకుడికి తికమకని బ్రాకెట్లలో అర్థాలిచ్చావు. అక్కర్లేదు. ఇచ్చింది విందు, మారింది రాజకీయం, కుదిరింది బేరం: క్రియే చెప్పేస్తుంది.

"కన్యాశుల్కం" తొలిసారి ఆడింది ఈ ఊళ్లోనే, 1892లో. గిరీశం ఇంగ్లీషు అర్థం కోసం కాదు, ఎదుటివాణ్ణి పడగొట్టడానికి. నీ కథలో కాలేజీ కుర్రాడు "పార్టీ ఎప్పుడు?" అని అడిగే చోట ఆ పొగరు కొంచెం ఉంది. దాన్ని ఉంచు.

రిజిస్ట్రారు ఆఫీసు సీను ఒక్కటీ తిరగరాసి పంపు. తాత పాత్రని మాత్రం ముట్టుకోకు.

ఆశీస్సులతో,
మీ మాస్టారు